లింకుకు అర్థం చెప్పడం: రిక్వైర్‌మెంట్ల ట్రేసబిలిటీలో ఆంటాలజీ

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో రిక్వైర్‌మెంటు అంటే ఒక వ్యవస్థ ఏం చేయాలో, ఏ పరిమితులకు లోబడి చేయాలో ముందుగా రాసుకుని, సంబంధిత పక్షాలన్నీ ఒప్పుకున్న మాట. ఆ మాట ఎవరి నుంచి వచ్చింది, ఏ డిజైన్‌లోకి, ఏ కోడ్‌లోకి, ఏ టెస్టులోకి వెళ్లింది, మధ్యలో ఎక్కడెక్కడ మారింది అనే సంగతులను ముందుకూ వెనక్కూ జాడ తీయగలగడాన్ని ట్రేసబిలిటీ అంటారు. స్థూలంగా ఇదే అర్థమిచ్చే నిర్వచనాన్ని 1994లో లండన్ ఇంపీరియల్ కళాశాలకు చెందిన ఓర్లెనా గోటెల్, ఆంథొనీ ఫింకెల్‌స్టీన్ తమ పరిశోధన పత్రంలో ఇచ్చి, ఈ జాడను రెండు భాగాలుగా విడదీశారు. స్పెసిఫికేషన్ పత్రంలో చేరిన మాట కోడ్ దాకా, టెస్టు దాకా సాగే ప్రయాణం ఒక భాగం కాగా, ఆ పత్రంలోకి రాకముందు ఆ మాటకు ఉన్న పుట్టుపూర్వోత్తరాలు, అంటే దానిని అడిగినవారు, అడిగిన కారణం, దాని వెనుక జరిగిన చర్చ రెండో భాగం. పరిశ్రమలో పనిచేసేవారిని విచారించి వారు తేల్చిన విషయం ఏమిటంటే, ట్రేసబిలిటీ పేరిట వచ్చే చిక్కుల్లో అధికభాగం ఈ రెండో భాగాన్ని పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవే. అయినా ఈ రంగంలోని పనిముట్లూ ప్రమాణాలూ నేటికీ ఎక్కువగా మొదటి భాగం చుట్టూనే తిరుగుతున్నాయి.

ఆ పనిముట్లలో అందరికీ తెలిసినది ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్. ఎక్సెల్ షీటులో అడ్డవరుసల్లో రిక్వైర్‌మెంట్లు, నిలువు వరుసల్లో టెస్ట్ కేసులు పెట్టి, సంబంధం ఉన్న గడిలో గుర్తు వేయడం దీని పద్ధతి. విమాన సాఫ్ట్‌వేర్‌కు వర్తించే డీఓ-178సీ ప్రమాణం రిక్వైర్‌మెంట్ల నుంచి కోడ్‌కూ, కోడ్ నుంచి రిక్వైర్‌మెంట్లకూ రెండు దిశల్లో జాడ చూపించాలంటుంది కాబట్టి, హైదరాబాద్, బెంగళూరు ఇంజనీరింగ్ కేంద్రాల్లో విమాన సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే తెలుగు ఇంజనీర్లకు ఈ పట్టికలు నిత్యపరిచితాలే. అయితే గడిలో వేసిన గుర్తు ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉందని మాత్రమే చెబుతుంది. ఆ టెస్టు రిక్వైర్‌మెంటును పూర్తిగా పరీక్షిస్తుందా, అందులో ఒక భాగాన్నేనా, ఆ కోడ్ దానిని నెరవేరుస్తుందా, లేక దాని వల్ల పరిమితికి లోబడుతుందా, ఆ సంబంధం ఎవరి నిర్ణయం మీద, ఏ ఊహ మీద నిలబడింది అనే ప్రశ్నలకు ఆ గుర్తు వద్ద సమాధానం ఉండదు. ఇంటి స్థలం కొనేవారు లింకు డాక్యుమెంట్లు చూసేటప్పుడు స్థలం ఒకరి నుంచి మరొకరికి చేతులు మారిందని తెలుసుకోవడంతో సరిపెట్టుకోరు. అది విక్రయమా, దాన సెటిల్‌మెంటా, భాగ పరిష్కారమా, వీలునామానా అని చూస్తారు. ఎందుకంటే రేపు వచ్చే తగాదా ఆ తేడా మీదే ఆధారపడుతుంది. సాఫ్ట్‌వేర్ లింకులకూ అంత వివరం కావాలన్నదే ఈ అధ్యాయంలోని ప్రధాన ప్రతిపాదన. ఆ వివరాన్ని మనిషికీ యంత్రానికీ ఒకేలా అర్థమయ్యేటట్టు రాసిపెట్టే సాధనం ఆంటాలజీ.

ఈ తేడా ఎంత ఖరీదైనదో చూపడానికి బహిరంగంగా నమోదైన ఒక ఉదాహరణ ఉంది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ కేంద్రం నుంచి తొలిసారి ఎగిరిన ఏరియన్ 5 రాకెట్ సుమారు 40 సెకన్లకే, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున దారి తప్పి, విరిగి పేలిపోయింది. గణిత శాస్త్రవేత్త జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పాటైన విచారణ సంఘం అదే ఏడాది జూలైలో నివేదిక ఇచ్చింది. రాకెట్ భంగిమనూ కదలికనూ కొలిచే ఇనర్షియల్ రిఫరెన్స్ సిస్టమ్‌లో, క్షితిజ సమాంతర వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోగా ఆ విలువ అందులో పట్టలేదు. ముఖ్య యూనిట్‌లోనూ, దానికి తోడుగా ఉంచిన యూనిట్‌లోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉండటంతో రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి.

సాధారణంగా ఈ కథను ఓవర్‌ఫ్లో తప్పిదంగా చెప్పి ముగిస్తారు. ట్రేసబిలిటీ నేర్చుకునేవారికి అంతకంటే విలువైన సంగతులు నివేదికలో తర్వాత వస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఏరియన్ 4 నుంచి తీసుకున్నది. కంప్యూటర్ మీద భారం 80 శాతానికి మించకూడదన్న లక్ష్యం పెట్టుకున్నందువల్ల, మార్పిడిలో ప్రమాదం ఉన్న ఏడు చరరాశుల్లో నాలుగింటికే రక్షణ కల్పించి, మిగిలిన మూడింటి విలువలు భౌతికంగానే హద్దులో ఉంటాయని, లేదా వాటికి కావలసినంత వెసులుబాటు ఉందని తర్కించి రక్షణ లేకుండా వదిలేశారు. ఆ తర్కం ఏరియన్ 4 ప్రయాణ పథానికి సరైనదే. ఏరియన్ 5 పథంలోనైతే క్షితిజ సమాంతర వేగం ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. ఆ నిర్ణయం ఏ ఒక్కరో రహస్యంగా తీసుకున్నది కాదు. వివిధ కాంట్రాక్టు స్థాయుల్లోని భాగస్వాములు కలిసి ఒప్పుకున్నదే. కానీ దానికి కారణం ఏమిటో కోడ్‌లో ఎక్కడా సూచించలేదు. పెద్ద ప్రాజెక్టులో పేరుకునే పత్రాల రాశిలో ఆ ఊహ ఎవరి దురుద్దేశమూ లేకుండానే పరిశీలకుల కంటపడకుండా పోయింది. పైగా, ఏరియన్ 5 ప్రయాణ పథం వివరాలను ఆ పరికరం స్పెసిఫికేషన్‌లో చేర్చకూడదని కూడా అందరూ కలిసే నిర్ణయించుకున్నారు.

మరో సంగతి ఇంకా బాధాకరమైనది. విఫలమైన ఆ లెక్కతో ఏరియన్ 5కు నేల విడిచాక ఏ పనీ లేదు. పాత ఏరియన్లలో కౌంట్‌డౌన్ చివరి క్షణాల్లో ఆగిపోతే, పరికరాన్ని మళ్లీ సరిచూసుకోవడానికి పట్టే 45 నిమిషాలో అంతకుమించిన సమయమో వృథా కాకుండా వెంటనే తిరిగి మొదలుపెట్టడానికి ఆ లెక్కను ఎగిరిన తర్వాత కూడా కొంతసేపు నడవనిచ్చేవారు. ఆ సౌకర్యాన్ని 1989లో 33వ ప్రయోగంలో ఒక్కసారి వాడుకున్నారు. ఏరియన్ 5 సన్నాహక క్రమం వేరు కాబట్టి దానికి ఆ రిక్వైర్‌మెంటు వర్తించదు. రిక్వైర్‌మెంటు పోయింది, దానికోసం రాసిన కోడ్ మాత్రం నిలిచిపోయింది.

ఇక్కడ తెగిపోయిన లింకు అంటూ ఏదీ కనిపించదు. స్పెసిఫికేషన్‌లోనే ఏరియన్ 5 పథం లేనప్పుడు, దానిని చూసి నింపిన ఏ మ్యాట్రిక్స్ కూడా ఖాళీ గడిని చూపించలేదు. లేనిది మూడు విషయాల నమోదు: నిర్ణయానికి ఆధారమైన ఊహ, ఆ ఊహ చెల్లుబాటయ్యే సందర్భం, రిక్వైర్‌మెంటు ఎందుకు పుట్టిందన్న కారణం. ఈ మూడూ మ్యాట్రిక్స్ గడిలో పట్టవు.

ఆంటాలజీ అంటే ఒక రంగంలో ఏయే రకాల వస్తువులు, భావనలు ఉన్నాయో, వాటి మధ్య ఏయే సంబంధాలు ఉండవచ్చో స్పష్టంగా, యంత్రం చదవగలిగే రూపంలో రాసిపెట్టిన వివరణ. భావనల చిత్రణను స్పష్టంగా నిర్దేశించడమే ఆంటాలజీ అన్న టామ్ గ్రూబర్ 1993 నాటి నిర్వచనం కంప్యూటర్ శాస్త్రంలో ఇప్పటికీ ప్రామాణికం. ఇందులో రకాలను క్లాసులనీ, సంబంధాలను ప్రాపర్టీలనీ, ఆయా రకాలకు చెందిన అసలు వస్తువులను ఇండివిడ్యువల్స్ అనీ అంటారు. రిక్వైర్‌మెంటు, నిర్ణయం, ఊహ, సందర్భం, మాడ్యూల్, టెస్టు, వ్యక్తి అనే ఏడు క్లాసులతో పై ఉదాహరణను రాస్తే ఇలా ఉంటుంది. వేగం మార్పిడికి రక్షణ అక్కర్లేదన్నది ఒక నిర్ణయం. ఆ నిర్ణయానికి ఆధారం విలువ హద్దు దాటదన్న ఊహ. ఆ ఊహ చెల్లుబాటయ్యే సందర్భం ఏరియన్ 4 పథం. ఆ నిర్ణయం అమలైన చోటు ఇనర్షియల్ మాడ్యూల్. ఆ మాడ్యూల్‌ను ఇప్పుడు వాడుతున్న సందర్భం ఏరియన్ 5 పథం. ఇలా కర్త, సంబంధం, కర్మ అనే మూడు ముక్కల్లో ఇమిడే ప్రతి వాక్యాన్నీ ట్రిపుల్ అంటారు. అయిదు ట్రిపుల్స్ రాశాక, ఏ మాడ్యూల్‌ను వాడే సందర్భం దాని వెనుక ఉన్న ఊహ చెల్లే సందర్భానికి భిన్నంగా ఉందో చూపమని యంత్రాన్ని అడగవచ్చు. జవాబులో ఆ వేగం మార్పిడి వస్తుంది. ఆ జవాబు రాకెట్‌ను దానంతట అదే కాపాడుతుందని అనుకోకూడదు. సమీక్షకుల బల్ల మీదకు రావలసిన ప్రశ్నను అది తెచ్చి పెడుతుంది, తేల్చవలసింది మనుషులే.

ఈ వాక్యాలను రాయడానికి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2004లో ప్రమాణంగా ఆమోదించిన ఓడబ్ల్యూఎల్ భాష, వాటిని ప్రశ్నించడానికి 2008లో వచ్చిన స్పార్కిల్ భాష ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అభివృద్ధి చేసిన ప్రొటెజే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్లాసులనూ ప్రాపర్టీలనూ తెర మీద చూస్తూ తయారుచేసుకోవచ్చు. పనిముట్ల గురించి ఇంతకంటే చెప్పవలసిన అవసరం లేదు, అసలు కష్టం అక్కడ లేదు కనుక.

కష్టమంతా సంబంధాలను ఎంచుకోవడంలో ఉంది. బాలసుబ్రమణ్యం రమేశ్, మథియాస్ యార్కె 26 సంస్థల్లో ట్రేసబిలిటీ ఆచరణను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో లింకులు ప్రధానంగా నాలుగు రకాలని తేల్చారు: ఒకటి మరొకదానిని నెరవేర్చడం, ఒకటి మరొకదానిపై ఆధారపడటం, ఒకటి మరొకటిగా పరిణమించడం, ఒకదానికి మరొకటి హేతువు కావడం. నియమం కోసం లింకులు పెట్టుకునే సంస్థలకూ, వాటితో నిజంగా పని జరిపించుకునే సంస్థలకూ మధ్య తేడాను కూడా ఆ అధ్యయనం చూపించింది. కొత్తగా మొదలుపెట్టే బృందం ఈ నాలుగు సంబంధాలతో, వాటికి తోడు ఊహకు సందర్భాన్ని కలిపే ఒక సంబంధంతో పని ప్రారంభించడం మేలు. మరో సంబంధాన్ని చేర్చాలని ఎవరైనా ప్రతిపాదిస్తే ఒక పరీక్ష పెట్టాలి: లింకుకు ఒక కొసన ఉన్నది మారినప్పుడు రెండో కొసన ఉన్నదానికి ఏం చేయాలో ఈ కొత్త సంబంధం పాతవాటికి భిన్నంగా చెబుతుందా? చెప్పకపోతే అది పేరులో తేడాయే తప్ప అర్థంలో తేడా కాదు, దానిని చేర్చకూడదు. సంబంధించినది అనే పేరుతో ఒక సాధారణ ప్రాపర్టీని పెట్టుకుంటే, పని తొందరలో ఉన్న ప్రతి ఇంజనీరూ దానినే ఎంచుకుంటారు కాబట్టి ఆంటాలజీ మళ్లీ మ్యాట్రిక్స్‌గా మారిపోతుంది. ఆ ప్రాపర్టీని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

క్లాసులను ఎక్కడ ఆపాలన్నది తరచూ ఎదురయ్యే మరో ప్రశ్న. దీనికి టొరంటో విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రూనింగర్, మార్క్ ఫాక్స్ 1995లో ప్రతిపాదించిన సామర్థ్య ప్రశ్నల పద్ధతి చక్కగా పనికొస్తుంది. ఆంటాలజీ ఏయే ప్రశ్నలకు జవాబు చెప్పాలో ముందుగా మామూలు భాషలో రాసుకుని, ఆ జవాబులకు కావలసిన క్లాసులనూ సంబంధాలనూ మాత్రమే చేర్చడం ఆ పద్ధతి సారాంశం. చేంజ్ రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ సమావేశంలో పదేపదే వినిపించే ప్రశ్నలే ఇందుకు మంచి ముడిసరుకు: ఈ రిక్వైర్‌మెంటు మారితే ఏ టెస్టులను మళ్లీ నడపాలి, ఏ కోడ్ వెనుక ఇప్పుడు బతికి ఉన్న రిక్వైర్‌మెంటు ఏదీ లేదు, ఈ నిర్ణయానికి ఆధారమైన ఊహను చివరిసారి ఎవరు పరిశీలించారు. ఈ వరుసలో రెండో ప్రశ్న ఏరియన్ ఉదంతంలో పోయిన రిక్వైర్‌మెంటు తాలూకు కోడ్‌ను నేరుగా పట్టుకునేదని గమనించాలి. ప్రశ్నలు పది దాటకుండా చూసుకోవడం మంచిది. ఎవరూ అడగని ప్రశ్న కోసం నిర్మించిన క్లాసులో సమాచారాన్ని ఎవరూ నింపరు.

ఇక్కడిదాకా సాఫీగా వచ్చిన బృందాలు మొదటిసారి తడబడేది ఓడబ్ల్యూఎల్ తర్కం దగ్గర. డేటాబేస్‌లో లేని సమాచారాన్ని అబద్ధంగా తీసుకోవడం అలవాటైన ఇంజనీరుకు, ఓపెన్ వరల్డ్ అనే సూత్రం మీద నడిచే ఈ భాషలో లేని సమాచారం కేవలం ఇంకా తెలియనిది మాత్రమేనన్న సంగతి వెంటనే మనసుకెక్కదు. ప్రతి రిక్వైర్‌మెంటుకూ కనీసం ఒక టెస్టు ఉంటుందని ఆంటాలజీలో నియమం రాసి, టెస్టు లేని రిక్వైర్‌మెంటును అందులో పెడితే, తార్కిక ఫలితాలను రాబట్టే రీజనర్ అనే ప్రోగ్రాం లోపాన్ని ఎత్తిచూపదు. ఆ టెస్టు ఎక్కడో ఉండే ఉంటుందని, దాని పేరు మాత్రమే తనకు తెలియదని తీర్మానిస్తుంది. అలాగే ఒక రిక్వైర్‌మెంటును ఒకే మాడ్యూల్ అమలు చేయాలని నియమం రాసి రెండు మాడ్యూళ్ల పేర్లు ఇస్తే, ఆ రెండూ వేర్వేరని విడిగా చెప్పనంతవరకు అవి ఒకదానికే ఉన్న రెండు పేర్లని రీజనర్ అనుకుంటుంది. ట్రేసబిలిటీలో అసలు వెతకవలసింది లేనివాటినే కాబట్టి, ఇది చిన్న లోపం కాదు. పరిష్కారం ఏమిటంటే, ఓడబ్ల్యూఎల్‌ను అర్థాల నిర్వచనానికే పరిమితం చేసి, లోపాల తనిఖీని 2017లో ప్రమాణంగా వచ్చిన షాకల్ భాషకో, లేని లింకులను అడిగే స్పార్కిల్ ప్రశ్నలకో అప్పగించాలి. కనీసం ఒక టెస్టు ఉండాలన్న నియమాన్నే షాకల్‌లో రాస్తే, చేతిలో ఉన్న సమాచారాన్నే పూర్తి సమాచారంగా తీసుకుని, టెస్టు లేని ప్రతి రిక్వైర్‌మెంటునూ అది పేరు పెట్టి చూపిస్తుంది.

రెండో తడబాటు ట్రాన్సిటివ్ గుణం దగ్గర వస్తుంది. మొదటిది రెండోదానిపై, రెండోది మూడోదానిపై ఆధారపడితే మొదటిది మూడోదానిపై కూడా ఆధారపడుతుందని రీజనర్ తీర్మానించేలా చేసే గుణం ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, ఆధారపడటం అనే ప్రాపర్టీకి ఈ గుణం అంటగడితే ఏ చిన్న మార్పుకైనా వ్యవస్థలో సగం భాగం ప్రభావితమవుతుందన్న జాబితా వస్తుంది. అంత జాబితాను ఎవరూ చదవరు. పదకోశాల కోసం రూపొందిన ఎస్‌కేఓఎస్ ప్రమాణంలో ఇందుకు చక్కని మార్గం ఉంది. మనిషి నమోదు చేసే ప్రత్యక్ష సంబంధాన్ని ట్రాన్సిటివ్ కాకుండా ఉంచి, దాని పైన ట్రాన్సిటివ్ గుణమున్న వేరే ప్రాపర్టీని నిర్వచించారు. రోజువారీ సమీక్షకు మొదటిదాన్నీ, విడుదలకు ముందు చేసే విస్తృత పరిశీలనకు రెండోదాన్నీ వాడితే రెండు అవసరాలూ తీరుతాయి.

ఇన్ని లింకులను ఎవరు నమోదు చేస్తారన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఆంటాలజీని రిక్వైర్‌మెంట్ల టూల్‌కూ, కోడ్ రిపాజిటరీకీ, టెస్ట్ రికార్డులకూ పోటీగా మరో చోట నిర్మిస్తే అది కొద్ది నెలల్లోనే పాతబడిపోతుంది. ఉన్న టూల్స్‌లోని గుర్తింపు సంఖ్యలను అలాగే ఉంచి, వాటిలోని సమాచారాన్ని ప్రతి రాత్రీ ట్రిపుల్స్‌గా మార్చుకునే చిన్న ప్రోగ్రాం రాసుకోవడం సరైన పద్ధతి. మనిషి చేత్తో రాయవలసినవి నిర్ణయాలు, ఊహలు, వాటి సందర్భాలు మాత్రమే. వాటిని కూడా నిర్ణయం తీసుకున్న రోజే, కోడ్ మార్పు ఆమోదానికి వచ్చిన చోటే రాయించాలి. ఆడిట్ ముందు వారంలో కూర్చుని రాసేవి జ్ఞాపకాలే అవుతాయి తప్ప ఆధారాలు కావు.

పదాల పోలికను బట్టి లింకులను సూచించే ప్రోగ్రాములు చాలాకాలంగా ఉన్నాయి, ఇటీవల భాషా నమూనాలు కూడా ఆ పని చేస్తున్నాయి. ఒక పత్రం ఖాతాదారు అన్నదానిని మరో పత్రం కస్టమర్ అనీ, ఇంకొకటి క్లయింట్ అనీ అంటే, ఈ మూడింటినీ ఒకే భావన కిందకు చేర్చిన ఆంటాలజీ ఆ ప్రోగ్రాములకు బాగా తోడ్పడుతుంది. అయితే యంత్రం సూచించిన లింకునూ మనిషి ధ్రువీకరించిన లింకునూ వేర్వేరు స్థితులుగా నమోదు చేయడం తప్పనిసరి. ఈ రెండూ ఒకటిగా కలిసిపోయిన రోజున జాడ మీద విశ్వాసం పోతుంది, పోయిన విశ్వాసాన్ని తిరిగి తెచ్చుకోవడం లింకులను మొదటి నుంచి రాయడం కంటే కష్టం.

నలుగురైదుగురు కలిసి ఒకే గదిలో చేసే చిన్న ఉత్పత్తికి ఈ శ్రమ అక్కర్లేదు, వారికి మంచి పట్టికే చాలు. ప్రాణాలతోనో ప్రజాధనంతోనో ముడిపడిన వ్యవస్థల్లో, ఒక ఉత్పత్తి కోసం రాసిన కోడ్ మరో ఉత్పత్తిలోకి వెళ్లే చోట్ల, పది పదిహేనేళ్లపాటు చేతులు మారుతూ బతికే సాఫ్ట్‌వేర్‌లో దీని అవసరం తీవ్రంగా ఉంటుంది. అలాంటి చోట్ల వ్యక్తి అనే క్లాసును విడిచిపెట్టకూడదు. రిక్వైర్‌మెంటు వెనుక ఉన్న మనుషుల జాడ దొరకకపోవడమే పెద్ద కొరత అని గోటెల్, ఫింకెల్‌స్టీన్ 1994లోనే గుర్తించారు. ఉద్యోగాలు తరచూ మారే నేటి పరిశ్రమలో ఆ కొరత మరింత పెరిగింది. నిర్ణయం తీసుకున్నవారు వెళ్లిపోతే ఆ నిర్ణయాన్ని ఇకపై ఏ హోదా వారు సమర్థించాలో కూడా ఆంటాలజీలో ఉండాలి. అందుచేత ఒక ప్రాజెక్టు నుంచి మరోదానికి మారబోయే ప్రతి అనుభవజ్ఞుడైన ఇంజనీరూ, హ్యాండోవర్ పత్రం మీద సంతకం పెట్టే ముందు, తాను రాసిన కోడ్ ఏయే ఊహల మీద నిలబడిందో, అవి ఏ సందర్భంలో మాత్రమే చెల్లుతాయో రాసి తన పేరుతో నమోదు చేయాలి.